నివేదిక ఎవరిది? ఖర్చు ఎవరిది?

సరకు ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని చెప్పే నివేదికలకు ఇప్పుడు కరువు లేదు. పటేల్‌గూడ, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతంలో రసాయనాలు, మందుల ముడిపదార్థాలు, ప్లాస్టిక్ గుళికలు, ఇనుము కొని అమ్మే వారికి ఉదయం దుకాణం తలుపు తీసేలోపే ఫోనులో నాలుగైదు వచ్చి ఉంటాయి. సదాశివపేట, జోగిపేట వైపు పత్తి ఖరీదుదారుల పరిస్థితీ అదే. వీటిలో కొన్ని చందా కట్టి తెప్పించుకునేవి. ఎక్కువ భాగం ఉచితంగా వచ్చేవి. నివేదిక తయారు కావాలంటే మనుషులు కావాలి, ఊళ్ళు తిరగాలి, లెక్కలు కట్టాలి. వీటన్నిటికీ ఖర్చవుతుంది. చదివేవాడు ఆ ఖర్చు పెట్టలేదంటే మరెవరో పెట్టారన్నమాట. ఆ మరొకరు ఎవరన్నది ధర అంచనా కంటె ముందుగా తెలుసుకోవలసిన విషయం.

ఒక ఉదాహరణ చూడవచ్చు. పటేల్‌గూడలో కాపురముంటూ, సదాశివపేట వైపు జిన్నింగు మిల్లుల నుంచి దూది కొని నిల్వచేసే వర్తకుడు ఒకరున్నారనుకుందాం. ఈ ఏడు పంట తక్కువ, మూడు నెలల్లో క్యాండీకి 4,000 రూపాయలు పెరుగుతుందని ఒక నివేదిక వచ్చింది. 356 కిలోల క్యాండీ 56,000 రూపాయల చొప్పున ఆయన 200 క్యాండీలు కొన్నాడు. పెట్టుబడి 1 కోటి 12 లక్షలు. ధర పెరగకపోగా 3,000 తగ్గింది. 6 లక్షలు పోయాయి. బ్యాంకు వడ్డీ, గోదాము అద్దె, బీమా అదనం. నివేదిక రాసినవాడు నిజాయితీగానే పొరబడి ఉండవచ్చు. వానలను, విదేశీ గిరాకీని ఎవరూ ముందుగా చూడలేరు. లేక, నివేదిక రాయించినవాడి గోదాములో 5,000 క్యాండీలు అమ్మకానికి ఎదురుచూస్తూ ఉండి ఉండవచ్చు. రెండు సందర్భాలలోనూ వర్తకుడికి పోయిన సొమ్ము ఒకటే. రెంటి మధ్య తేడా ధరలో కనిపించదు. నివేదిక అడుగున ఏమి రాశారు, ఏమి రాయలేదు అన్నదానిలోనే కనిపిస్తుంది.

లెక్కలు మారడం తప్పా?

అంచనా మారిందంటే మోసం జరిగిందని అనుకునే అలవాటు బజారులో ఉన్నది. 2022-23 పత్తి సంవత్సరం దీనికి మంచి పాఠం. ఆ సీజను మొదట్లో, 2022 అక్టోబరులో, కాటన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా దేశంలో పంట 344 లక్షల బేళ్ళు ఉంటుందని అంచనా వేసింది. బేలు అంటే 170 కిలోలు. తరువాత నెల నెలా తగ్గిస్తూ 2023 వేసవి నాటికి 298.35 లక్షలకు తెచ్చింది. చివరకు మళ్ళీ పెంచి 318.90 లక్షల దగ్గర నిలిపింది. ప్రభుత్వ జౌళి శాఖ ఆధ్వర్యంలోని పత్తి ఉత్పత్తి, వినియోగ కమిటీ లెక్క అదే సంవత్సరానికి 336.60 లక్షల బేళ్ళు. ఈ చివరి రెండు అంకెల మధ్య తేడాయే 17.70 లక్షల బేళ్ళు. తూకంలో చెప్పాలంటే 3 లక్షల టన్నులు దాటుతుంది.

దీనికి కారణం లేకపోలేదు. 2022 వేసవిలో దూది క్యాండీ ధర లక్ష రూపాయలు దాటింది. ఆ ధర మళ్ళీ వస్తుందన్న ఆశతో రైతులు తరువాతి పంటను వెంటనే అమ్మకుండా ఇళ్ళలో పెట్టుకున్నారు. మార్కెట్ యార్డులకు రాబడులు పలచబడ్డాయి. రాబడులను బట్టి పంటను లెక్కగట్టేవారికి అది పంట తగ్గినట్లు కనిపించింది. నిల్వలు ఆలస్యంగా బయటికి వచ్చేసరికి అంచనా మళ్ళీ పెంచవలసివచ్చింది. ఇంట్లో పేర్చిన పత్తిని లెక్కపెట్టే కాటా ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

అసోసియేషన్ వర్తక సంస్థ. ఆ సంగతి దాని పేరులోనే ఉన్నది, అది దాచుకోలేదు. రాష్ట్రాలవారీ అంకెలు, క్రితం నెల అంచనా, కొత్త అంచనా వెల్లడించింది. కనుక చదివే వర్తకుడు తన తగ్గింపు, హెచ్చింపు తానే వేసుకోవచ్చు. స్పిన్నింగు మిల్లుకు పంట ఎక్కువన్న వార్త మేలు చేస్తుంది. నిల్వలు పెట్టుకున్న స్టాకిస్టుకు పంట తక్కువన్న వార్త మేలు చేస్తుంది. ఎగుమతిదారుడి సంగతి చేతిలో సరకున్నదా, సరకు లేకుండా ముందే అమ్మాడా అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఎవరి అంకె ఎటు మొగ్గే అవకాశమున్నదో తెలిసినప్పుడు ఆ మొగ్గు పెద్ద ప్రమాదం కాదు. అంకె ఎవరిదో తెలియనప్పుడే ప్రమాదం. పేరులేని ఉత్తరాలు, "మార్కెట్టు వర్గాల ప్రకారం" అని మొదలయ్యే ఉత్తరాలు ఈ రెండవ రకానికి చెందినవి.

కిటికీ తెర కథ

పంట అంచనాల రహస్యం ఎంత విలువైనదో అమెరికా 1905లో నేర్చుకున్నది. అక్కడి వ్యవసాయ శాఖ గణాంక విభాగంలో ఎడ్విన్ హోమ్స్ అనే ఉన్నతోద్యోగి పత్తి అంచనాలను ప్రకటనకు ముందే న్యూయార్కు దళారులకు అందజేస్తూ వచ్చాడు. అధికారులకు అనుమానం వచ్చి, అంచనా తయారయ్యే గది తలుపులు మూసి ఎవరినీ బయటికి పంపకుండా కట్టడి చేశారు. అప్పుడు ఆయన కిటికీ తెరను ఎత్తి దించి, బయట నిలబడిన మనిషికి పంట హెచ్చో తగ్గో సైగ చేశాడు. విషయం బయటపడి పెద్ద గొడవ అయింది. శాఖలోని ముఖ్య గణాంకాధికారి రాజీనామా చేశాడు. అంచనాలు ఒక్కరి చేతిలో ఉండరాదని ఆ ఏడాదే బోర్డు ఏర్పరచారు. ముందుగా లెక్క బయటపెట్టడాన్ని శిక్షార్హమైన నేరంగా చేస్తూ 1909లో చట్టం వచ్చింది.

తరువాత ఆ శాఖలో పాటిస్తూ వచ్చిన పద్ధతి ప్రపంచ సరకుల బజార్లన్నిటికీ తెలిసినదే. ముఖ్యమైన నివేదికలు తయారయ్యే రోజున గదులకు తాళం పడుతుంది. తెరలు దించుతారు, ఫోన్లు పనిచేయవు. ప్రకటన సమయం ముందే ఏడాది క్యాలెండరులో వేస్తారు. ఆ నిమిషానికి షికాగో దళారికీ, గుంటూరులో కూర్చున్న వర్తకుడికీ ఒకేసారి అంకె దొరుకుతుంది. ఆ అంచనాలు తప్పవని కాదు. సోయాబీను, మొక్కజొన్న అంకెలు ఎన్నోసార్లు తరువాత సవరించవలసివచ్చింది. ఐనా వ్యాపారులు వాటిని గౌరవిస్తున్నారు. తప్పు అందరికీ ఒకే సమయానికి, ఒకే విధంగా అందుతున్నది కనుక.

తెలుగునాట వచ్చే ప్రైవేటు నివేదికలను ఈ కొలతతో చూస్తే చాలా వాటికి మొదటి పరీక్షలోనే చుక్కెదురవుతుంది. ఖాతాదారులలో పెద్దవారికి రాత్రి, చిన్నవారికి మర్నాడు ఉదయం, ఉచితంగా చదివేవారికి మధ్యాహ్నం అందే నివేదికలో చివరివాడికి చేరేది వార్త కాదు. పైవారు కొన్న సరకును దింపుకోవడానికి దొరికిన గిరాకీ తానేనని ఆ చివరివాడికి తెలియదు.

ఈ పద్ధతి షేర్ల బజారులో రుజువులతో సహా బయటపడింది. టెలివిజనులో సిఫారసులు చెప్పే అతిథులు తాము చెప్పబోయే షేర్ల పేర్లను ప్రసారానికి ముందే కొందరికి అందించారనీ, వారు ముందు కొని ప్రసారం కాగానే అమ్ముకున్నారనీ సెబీ 2024 ఫిబ్రవరిలో తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. 7.41 కోట్ల రూపాయలను స్తంభింపజేయాలని ఆదేశించింది. 2021 జనవరిలోనూ ఒక టీవీ వ్యాఖ్యాత కుటుంబసభ్యుల ఖాతాలలో జరిగిన లావాదేవీల మీద ఇటువంటి ఉత్తర్వే వెలువడింది.

జీతం ఇచ్చేది ఎవరు?

పరిశ్రమ పరిశోధన వ్యాపారంలో అసలు ముడి ఇక్కడున్నది. జాన్ మూడీ 1909లో అమెరికా రైలు కంపెనీల బాండ్లకు గ్రేడులు వేసి పుస్తకంగా అచ్చువేసినప్పుడు ఆ పుస్తకం కొన్నది మదుపుదారులు. చదివేవాడే యజమాని. 1970 ప్రాంతంలో ఈ పద్ధతి తిరగబడింది. గ్రేడు పొందే కంపెనీయే రుసుము చెల్లించడం మొదలైంది. పుస్తకాన్ని ఒకరు కొని పదిమంది నకలు తీసుకుంటుంటే చందాలతో గిట్టుబాటు కాకపోవడం అందుకు ఒక కారణం. మన దేశంలో 1987లో క్రిసిల్‌తో రేటింగు వ్యాపారం మొదలయ్యేసరికి కంపెనీ చెల్లించే పద్ధతి స్థిరపడిపోయింది. పరీక్ష రాసేవాడే దిద్దేవాడికి జీతం ఇచ్చే ఏర్పాటు ఇది. ఇందువల్ల ప్రతి రేటింగూ తప్పని అనలేము. ఐతే 2018 ఆగస్టు వరకు అత్యున్నత గ్రేడుతో ఉన్న ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ సంస్థ సెప్టెంబరులో చెల్లింపులు ఎగవేసి అట్టడుగు గ్రేడుకు పడిపోయినప్పుడు, ఆ గ్రేడును నమ్మి సొమ్ము పెట్టిన ఫండ్లకు ఈ ఏర్పాటు లోపం బాగా తెలిసివచ్చింది.

కంప్యూటరు పరిశ్రమ విశ్లేషకుల దగ్గర చిక్కు మరొక రకం. గార్ట్‌నర్ వంటి సంస్థలకు సాఫ్టువేరు కొనే కంపెనీలు చందాదారులు. అమ్మే కంపెనీలూ చందాదారులే. ఏ కంపెనీ ముందున్నది, ఏది వెనుకబడింది అని అవి గీసే పటాలను చూసి కోట్ల డాలర్ల కాంట్రాక్టులు నడుస్తాయి. 2009లో జెడ్‌ఎల్ టెక్నాలజీస్ అనే కంపెనీ తనకు అన్యాయంగా తక్కువ స్థానం ఇచ్చారని గార్ట్‌నర్ మీద కాలిఫోర్నియాలో దావా వేసింది. తమ పటంలోనివి అభిప్రాయాలు మాత్రమేనని గార్ట్‌నర్ వాదించింది. కోర్టు ఆ వాదనను అంగీకరించి దావా కొట్టివేసింది. వర్తకులు ఆ తీర్పులో గమనించవలసిన ముక్క ఒకటున్నది. అమ్మేటప్పుడు పరిశోధనగా చలామణి అయ్యే సరకు, కోర్టు గుమ్మం ఎక్కగానే అభిప్రాయంగా మారగలదు. పసుపు ధర మీద వచ్చే ఉత్తరం విషయంలోనూ ఆ వాదన చేయడానికి ఎవరికీ అడ్డు లేదు.

అమెరికా షేరు బజారులో ఈ రోగం ముదిరి 2003 ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. పది పెద్ద బ్రోకరు సంస్థలు దాదాపు 140 కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డాయి. ప్రజలకు కొనమని చెప్పిన షేర్లనే విశ్లేషకులు లోపలి ఉత్తరాలలో చెత్త అని రాసుకున్నట్లు దర్యాప్తులో తేలింది. అదే సంస్థలు ఆ కంపెనీలకు కొత్త షేర్లు అమ్మిపెట్టి కమీషను సంపాదిస్తున్నాయి. విశ్లేషకుడి బోనసు ఆ కమీషనులో నుంచి వచ్చేది. అప్పటినుంచి పరిశోధన విభాగానికీ, కమీషను విభాగానికీ మధ్య గోడ కట్టాలన్నది నియమమైంది.

హైదరాబాదు అనుభవం

గోడ ఒక్కటే సరిపోదని హైదరాబాదు చూపించింది. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ లెక్కలను దేశ విదేశాలలో డజన్లకొద్దీ విశ్లేషకులు ప్రతి మూడు నెలలకు చదివేవారు. 2008 డిసెంబరు 16న కంపెనీ తన ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మదుపుదారులు తిరగబడడంతో గంటల్లోనే వెనక్కు తగ్గింది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు లేఖ వెలువడింది. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేవన్నారు. రానే రాని వడ్డీ 376 కోట్లు జమలో ఉన్నది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 2,700 కోట్ల రాబడి మీద 24 శాతం లాభం చూపగా, నిజమైన రాబడి 2,112 కోట్లు, నిజమైన లాభం 3 శాతమేనని ఆ లేఖ చెప్పింది. ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఎగిరిపోయింది. కొద్ది నెలల ముందు, 2008 సెప్టెంబరులో, ఆ కంపెనీకి సుపరిపాలనకుగాను ఒక బహుమతి కూడా వచ్చింది. తరువాత దాన్ని వెనక్కు తీసుకున్నారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుకు, మరి తొమ్మిది మందికి శిక్షలు విధించింది.

ఈ కథను ఆడిటర్ల కథగానే చెప్పడం అలవాటు. విశ్లేషకుల పాఠం మరుగున పడిపోయింది. వారిలో అత్యధికులు ఎవరి దగ్గరా లంచం తీసుకున్నవారు కారు. పక్షపాతం లేకపోయినా వారి నివేదికలు తప్పాయి. వారి లెక్కలన్నిటికీ ముడిసరకు కంపెనీ ఇచ్చిన అంకె. ఒకే బావిలో నుంచి ఇరవైమంది నీళ్ళు తోడి, ఇరవై కుండలలో పోసి, అన్నీ ఒకే రుచి ఉన్నాయి కనుక నీళ్ళు మంచివే అనుకున్నారు. నిష్పక్షపాతం వేరు, సొంతంగా సరిచూడడం వేరు. మొదటిది ఉండి రెండవది లేని విశ్లేషకుడు కంపెనీ మాటకు అచ్చుయంత్రంగా మిగులుతాడు.

సరకుల బజారులో ఆ బావి శీతల గిడ్డంగి. గుంటూరు మిర్చి నిల్వలు ఇన్ని లక్షల బస్తాలు అని వచ్చే అంకె ఎక్కడినుంచి వచ్చింది? గిడ్డంగి యజమానుల నుంచా, అందులో సరకు పెట్టిన వర్తకుల నుంచా, లేక లారీ అడ్డా దగ్గర టీ తాగుతూ విన్న మాటలోనుంచా? ఐదు నివేదికలు ఒకే అంకె చెబుతున్నాయంటే ఐదుగురు లెక్కపెట్టారని అర్థం కాదు. ఒకరు చెబితే నలుగురు రాసి ఉండవచ్చు.

చట్టం ఎంతవరకు వస్తుంది?

సెబీ 2014 సెప్టెంబరులో పరిశోధన విశ్లేషకుల నిబంధనలను ప్రకటించింది. వీటి ప్రకారం రిజిస్టరు కాకుండా షేర్ల మీద పరిశోధన నివేదికలు అమ్మరాదు. నివేదికకు ముందు 30 రోజులు, తరువాత 5 రోజులు విశ్లేషకుడు తాను సిఫారసు చేసే షేరును సొంతానికి కొనడం, అమ్మడం చేయరాదు. కొనమని ఇతరులకు చెప్పి తాను అమ్మడం నిషేధం. ఆ కంపెనీలో తనకు ఆర్థికమైన ఆసక్తి ఉన్నదా, 1 శాతం లేక అంతకు మించి వాటా ఉన్నదా, గత 12 నెలల్లో ఆ కంపెనీ నుంచి ఏమైనా సొమ్ము పుచ్చుకున్నారా అన్నది నివేదికలోనే చెప్పాలి. దస్తావేజులు ఐదేళ్ళు భద్రపరచాలి. విశ్లేషకుడి జీతం ఫలానా షేర్ల అమ్మకం కమీషనుతో ముడిపడరాదు. 2024 డిసెంబరు సవరణలతో నివేదిక తయారీలో కృత్రిమ మేధను ఎంతవరకు వాడుకున్నారో ఖాతాదారుకు చెప్పవలసిన బాధ్యత కూడా వచ్చింది.

సరకుల వర్తకులకు ఇందులో సగం మాత్రమే చెల్లుతుంది. 2015 సెప్టెంబరు 28న ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ సెబీలో కలిసిపోయింది. అప్పటినుంచి వాయిదా బజారులోని సరకు కాంట్రాక్టులు కూడా సెక్యూరిటీల లెక్కలోకే వస్తాయి. అందువల్ల ఎన్‌సిడిఇఎక్స్‌లో ఫలానా నెల పసుపు కాంట్రాక్టు కొనండి, ఇంతకు అమ్మండి అని రుసుము తీసుకొని చెప్పేవాడు సెబీ పరిధిలోకి వస్తాడు. నిజామాబాదు యార్డులో కొమ్ము పసుపు క్వింటాలు ఇంత పలుకుతుంది, నిల్వ పెట్టుకోండి అని చెప్పేవాడు రాడు. పంట, వాతావరణం, సాధారణ మార్కెట్టు పరిస్థితుల మీద వ్యాఖ్య కూడా పరిశోధన నివేదిక నిర్వచనంలో లేదు. ఒకే మనిషి ఒకే ఉత్తరంలో మొదటి పేరా చట్టం లోపల, రెండవ పేరా చట్టం బయట రాయవచ్చు. చదివే వర్తకుడికి ఆ గీత కనబడదు. 2021 డిసెంబరు 20న శనగ, గోధుమ, సోయా, ఆవాలు, పెసలు, బాసుమతి కాని వరి, ముడి పామాయిల్ వాయిదా వ్యాపారాన్ని సెబీ నిలిపివేసింది. దాంతో ఈ సరకుల మీద వచ్చే ఉత్తరాలన్నీ ఒక్కసారిగా గీత అవతలికి పోయాయి. వాయిదా ధర అనే బహిరంగమైన కొలత పోయినప్పుడు పేరులేని ఉత్తరానికి విలువ పెరగడం సహజం.

పటాన్‌చెరు మందుల కర్మాగారాలకు ద్రావకాలు అమ్మే వ్యాపారులది ఇంకొక రకం సమస్య. మెథనాలులో అధిక భాగం దిగుమతే. కాండ్లా రేవు ధర ఇంత అని ధరలు ప్రకటించే అంతర్జాతీయ సంస్థల మాట మీద కాంట్రాక్టులు నడుస్తాయి. ఆ ధర ఎక్స్ఛేంజిలో పలికినది కాదు. సంస్థ ప్రతినిధులు వ్యాపారులకు ఫోను చేసి, సౌదాలను విచారించి నిర్ణయించేది. చమురు విషయంలో ఇటువంటి ధరల మీద అనుమానాలు పెరిగి, వివిధ దేశాల సెక్యూరిటీ నియంత్రణ సంస్థల కూటమి ఐఓఎస్‌సిఓ 2012 అక్టోబరులో సూత్రాలు విడుదల చేసింది. ధర కట్టే పద్ధతిని అచ్చువేయాలి, ఏ సౌదాలను లెక్కలోకి తీసుకున్నారో, ఎక్కడ సొంత అంచనా వాడారో చెప్పాలి, బయటివారితో తనిఖీ చేయించుకోవాలి అన్నవి వాటి సారాంశం. 2013 మేలో యూరపు కమిషను అధికారులు పెద్ద చమురు కంపెనీలతోపాటు ధరలు ప్రకటించే ప్లాట్స్ కార్యాలయంలోనూ సోదాలు చేశారు. 2015 డిసెంబరులో చర్య ఏదీ లేకుండా దర్యాప్తు మూసివేశారు. ఆ గొడవ తరువాత పెద్ద ధరల సంస్థలు తమ పద్ధతుల పుస్తకాలను అందరికీ అందుబాటులో పెట్టాయి. ఐతే వాటిని తెరిచి చూసే కొనుగోలుదారులు తక్కువ. పలచగా సౌదాలు జరిగే ఒక ద్రావకం విషయంలో, వారం రోజులలో ఒక్క సౌదా కూడా లేకుండా క్రితం వారం ధరనే తిరిగి వేశారా అన్నది ఆ పుస్తకం చూస్తే, సంస్థ ప్రతినిధిని అడిగితే తెలుస్తుంది. టన్నుకు వెయ్యి రూపాయల తేడా అంటే 20 టన్నుల ట్యాంకరు మీద 20,000 రూపాయలు.

చెంతనే ఉన్న నమూనా

పటేల్‌గూడకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, పటాన్‌చెరులో, 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద అక్కడ జరిగే విత్తన పరిశోధన అందరికీ తెలుసు. వర్తకులకు అంతగా తెలియనిది 1975లో మొదలైన గ్రామస్థాయి అధ్యయనం. పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి, దోకూరులతోపాటు మహారాష్ట్రలోని నాలుగు గ్రామాలను ఎంచుకున్నారు. గ్రామానికి 40 కుటుంబాలు. కూలీలు, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులు, ఒక్కొక్క తరగతి నుంచి పది చొప్పున. లెక్కలు రాసే మనిషి ఆ ఊళ్ళోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకు ఒకసారి ఇంటింటికి వెళ్ళి ఏమి విత్తారు, ఏమి పండింది, ఎంతకు అమ్మారు, ఎంత అప్పు తెచ్చారు అని రాసుకున్నాడు. కుటుంబాల పేర్లు దాచి, అంకెలను ఇతర పరిశోధకులకు ఇచ్చారు. ఇక్రిశాట్ వారు తేల్చిన విషయాలను అదే అంకెలతో కాదనే హక్కు ఎవరికైనా ఉన్నది. ప్రపంచంలో ఎక్కడెక్కడి ఆర్థికవేత్తలో ఆ పని చేశారు కూడా.

ఆ సంస్థకూ సొమ్ము బయటినుంచే వస్తుంది. ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు ఇస్తాయి. ఏ పథకానికి ఎవరు ఇచ్చారన్నది ప్రచురణలలో రాస్తారు. ఆరు ఊళ్ళ లెక్క దేశం మొత్తానికి చెల్లదన్న విమర్శ ఉన్నది, అది సరైన విమర్శే. ఆరు ఊళ్ళేనని వారు ముందే చెప్పారు కనుకనే ఆ విమర్శ చేయగలిగారు. దీనిపక్కన "మా ప్రతినిధులు విస్తృతంగా పర్యటించారు" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టే పంట నివేదికను పెట్టి చూడవచ్చు. ఎన్ని మండలాలు, ఎన్ని పొలాలు, ఏ తేదీలు, నల్లరేగడా, ఎర్రనేలా, ఎకరాకు ఎన్ని క్వింటాళ్ళు, ఆ దిగుబడి రైతు చెప్పినదా, కోసి తూచినదా అన్నవి లేకుంటే విమర్శించడానికి కూడా పట్టు దొరకదు.

ఇటువంటి పట్టు వర్తకుడు సొంతంగా కొంతవరకు సంపాదించుకోగలడు. యార్డుల రోజువారీ రాబడులు, ధరలు ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో ఉంటాయి. ఎక్స్ఛేంజి గుర్తింపు పొందిన గిడ్డంగులలోని పసుపు, ధనియాల నిల్వలను ఎన్‌సిడిఇఎక్స్ ప్రకటిస్తుంది. పత్తిలో కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్ళు తెలుస్తాయి. సుగంధద్రవ్యాల ఎగుమతులు స్పైసెస్ బోర్డు చెబుతుంది. పంట 20 శాతం తగ్గిందని చెప్పిన నివేదిక వచ్చిన రెండు నెలలకు రాబడులు క్రితం ఏటికంటె ఎక్కువగా ఉంటే, రైతులు తొందరపడి అమ్ముతున్నారా, నివేదికే తప్పా అన్నది ఆరా తీయవలసిన సమయం వచ్చినట్లే. ఇంకొక పని ఉన్నది, దాన్ని చేసేవారు బహు తక్కువ. ఒకే రచయిత మూడేళ్ళలో పంపిన ఉత్తరాలను పడవేయకుండా వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని పక్కన తరువాత జరిగిన ధర రాసి చూడడం. పదింట ఆరుసార్లు తప్పినా ఫరవాలేదు. ఆ ఆరుసార్లూ తేజీ వైపే తప్పితే, ఎప్పుడూ కొనమనే చెప్పి అమ్మమని ఒక్కసారీ చెప్పకపోతే, ఆ ఉత్తరాలకు స్టాకిస్టుల గోదాము వాసన తగులుతున్నట్లే.

ఆ రచయితను సూటిగా అడగడమూ వర్తక మర్యాదకు విరుద్ధం కాదు. ఈ సరకు మీ దగ్గర, మీ సంస్థ దగ్గర ఎంత ఉన్నది, వాయిదా బజారులో ఏ వైపు నిలబడ్డారు, ఈ ఉత్తరానికి ఎవరైనా సొమ్మిచ్చారా అని రాతపూర్వకంగా అడిగి, జవాబును కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. అడ్తీదారు తన ఖరీదుదారుకు ఉచితంగా పంపే ఉత్తరంలో తప్పేమీ లేదు. కొనుగోళ్ళు జరిగితేనే తనకు కమీషను వస్తుందని ఇద్దరికీ తెలుసు. అదే ఉత్తరాన్ని సంస్థ పేరు మార్చి పరిశోధన విభాగం అని పైన అచ్చువేసినప్పుడే చిక్కు.

వాయిదా కాంట్రాక్టుల సిఫారసుకు రుసుము అడిగేవారి విషయంలో చేయవలసింది ఇంకా తేలిక. సెబీ ఇచ్చే పరిశోధన విశ్లేషకుల రిజిస్ట్రేషను నంబరు ఐఎన్‌హెచ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. సెబీ జాబితాలో ఆ నంబరు ఎదురుగా ఉన్న పేరూ, సొమ్ము కట్టమని ఇచ్చిన బ్యాంకు ఖాతా పేరూ ఒకటేనా అన్నది డబ్బు పంపకముందే చూసుకోవాలి. లాభం ఖాయమని హామీ ఇస్తే, నంబరు ఉన్నవాడైనా నిబంధన మీరినట్లే. రిజిస్టరైనవాడి మీద ఫిర్యాదుకు సెబీ నడిపే స్కోర్స్ ఉన్నది. యార్డు ధర మీద, గోదాము నిల్వ మీద ఉత్తరాలు రాసేవాడి మీద ఫిర్యాదు చేయడానికి అటువంటి చోటు లేదు. నష్టపోయిన వర్తకుడు సివిలు కోర్టుకు వెళ్ళి, ఆ ఉత్తరం రాసినప్పుడు రాసినవాడి దగ్గర ఎంత సరకున్నదో తానే రుజువు చేయవలసి ఉంటుంది.